కప్పు పిండి బరువెంత? ముందు ఎవరి కప్పో చూడాలి

ఒక కప్పు మైదా ఎన్ని గ్రాములు తూగుతుందో వెతికితే, పేరున్న మూడు చోట్ల మూడు జవాబులు కనిపిస్తాయి. అమెరికాలో పిండి అమ్మే కింగ్ ఆర్థర్ బేకింగ్ సంస్థ పట్టికలో 120 గ్రాములు. ఆ దేశపు వ్యవసాయ శాఖ పోషకాహార లెక్కల్లో 125. ఒక్కో వంటకాన్ని పదే పదే వండి చూశాక గానీ బయటపెట్టని అమెరికాస్ టెస్ట్ కిచెన్ వాళ్ళ లెక్కలో 5 ఔన్సులు, అంటే 142 గ్రాములు. పిండి రకం ఒకటే, కప్పు సైజూ ఒకటే. అయినా మొదటి అంకెకీ చివరి అంకెకీ మధ్య 22 గ్రాముల తేడా, దాదాపు 18 శాతం. పంచదార దగ్గర ఇంత గొడవ లేదు. ఎవరిని అడిగినా 198 అనో, 200 అనో చెబుతారు. నీళ్ళయితే అసలు ప్రశ్నే రాదు.

ఈ ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. తలా ఒక రకంగా కప్పు నింపి తూచారు, అంతే. కప్పుల లెక్కలో రాసిన వంటకాన్ని గ్రాముల్లోకి మార్చాలనుకునేవాళ్ళు సాధారణంగా ఇక్కడే పొరబడతారు. మైదాకు ఏదో ఒక స్థిరమైన సాంద్రత ఉందనీ, అది దొరికితే గుణించేయడమేననీ అనుకుంటారు. అలాంటి స్థిరమైన అంకె లేదు. పట్టికలో కనిపించే గ్రాముల లెక్క ఆ పట్టిక రాసినవాళ్ళ చేతి అలవాటుకు రాసిపెట్టిన గుర్తు. కాబట్టి మార్పిడి సరిగ్గా రావాలంటే ఆ వంటకం రాసిన మనిషి కప్పు ఎలా నింపి ఉంటారో పట్టుకోవాలి. ఏ పట్టిక గొప్పదో తేల్చుకోవడం దాని తర్వాతి పని. చాలాసార్లు ఆ అవసరమే పడదు.

కప్పులో ఎక్కువ భాగం గాలే

గోధుమ పిండి రేణువు సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.45 గ్రాములు. అంటే నీటి కంటే బరువైన సరుకే. అమెరికన్ కప్పు 237 మిల్లీలీటర్లు. అందులో 120 గ్రాముల పిండి ఉందంటే, ఆ రేణువులు నిజంగా ఆక్రమించిన చోటు 83 మిల్లీలీటర్లే. మిగిలిన 154 మిల్లీలీటర్లూ గాలి. మూడింట రెండు వంతుల గాలిని కొలిచి దానికి పిండి అని పేరు పెడుతున్నామన్నమాట. అదే కప్పులో 150 గ్రాములు కుక్కితే పిండి ఆక్రమించే చోటు 103 మిల్లీలీటర్లకు పెరిగి, గాలి 134కి తగ్గుతుంది. పైనుంచి చూస్తే రెండు కప్పులూ ఒకేలా నిండుగా, చదునుగా కనిపిస్తాయి. కంటికి తేడా తెలియదు.

పంచదారకు ఈ బెడద ఎందుకు లేదంటే, దాని పలుకు పెద్దది. కప్పులో పోయగానే ప్రతి పలుకూ తన బరువుకు తానే దొర్లి, పక్కవాటి సందుల్లో సర్దుకుంటుంది. ఎలా పోసినా, ఎవరు పోసినా దాదాపు ఒకే తీరున సర్దుకుంటుంది గనక బరువూ దాదాపు ఒకేలా వస్తుంది. పిండి రేణువులు అలా కాదు. వాటిలో చాలా భాగం మిల్లీమీటరులో అయిదో వంతు కంటే చిన్నవి. అంత చిన్న రేణువుకు తన బరువు కంటే పక్క రేణువుతో ఉండే ఆకర్షణే ఎక్కువ. దానికి కాస్త తేమ, గరుకైన అంచులు కూడా తోడవుతాయి. దాంతో ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో ఖాళీలు వదిలి, చిన్న చిన్న వంతెనల్లా నిలబడిపోతాయి. కప్పును బల్లమీద రెండుసార్లు తట్టితే ఆ వంతెనలు కూలి పిండి కిందికి దిగుతుంది. ఇంకో చెంచాడు, రెండు చెంచాలు పట్టే చోటు పైన ఏర్పడుతుంది.

పొడుల మీద పనిచేసే ఇంజినీర్లు దీన్ని అంకెల్లో పెట్టారు. వదులుగా పోసిన పొడి సాంద్రత ఒకటి, తట్టి తట్టి దించిన తర్వాతి సాంద్రత మరొకటి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదాన్ని హౌస్నర్ నిష్పత్తి అంటారు. అది 1కి దగ్గరగా ఉంటే పొడి ఇసుకలా జారుతుంది. 1.25 దాటితే జారదు, గడ్డకడుతుంది, కొలతకు లొంగదు. గోధుమ పిండి ఈ రెండో కోవలోకే వస్తుంది. ఇలాంటి సరుకుకు కప్పును కొలమానంగా పెట్టుకోవడమే అసలు చిక్కు.

పిండి సంచి మిల్లు నుంచి వంటింటికి వచ్చేలోపు ఎన్నో కుదుపులు తింటుంది. డబ్బాలో పోశాక కూడా అడుగున ఉన్నదాని మీద పైదాని బరువు పడుతుంది. అందుకే అదే డబ్బాలోంచి, అదే రోజు, పైనుంచి తీసిన కప్పూ అడుగునుంచి తీసిన కప్పూ ఒకే బరువు తూగాలని లేదు. ఒక గరిటెతో డబ్బాను కిందికీ మీదికీ కలిపితే గాలి మళ్ళీ లోపలికి చేరుతుంది. జల్లెడ పడితే ఏకిన దూదిలా మరీ పొంగుతుంది.

చేతి వరస

కప్పు నింపే పద్ధతులు ముఖ్యంగా మూడు. వీటిని దగ్గరగా చూస్తే ఆ 22 గ్రాముల రహస్యం విడిపోతుంది.

మొదటిది ముంచడం. కప్పునే డబ్బాలో దించి, నిండుగా పైకి లేపి, కత్తి వీపుతో పైన చదును చేస్తారు. చూడటానికి అమాయకంగా ఉంటుంది. కానీ కప్పు అంచు పిండిలోకి దిగుతున్నప్పుడు, ముందు లోపలికి వెళ్ళిన పిండిని వెనక వచ్చేది అడుగుకు నెడుతుంది. కప్పును డబ్బా గోడకు ఆనించి పైకి లాగితే మరో నొక్కు పడుతుంది. ఇలా నింపిన కప్పు 140 నుంచి 150 గ్రాములు తూగుతుంది. చెయ్యి బలమైనదైతే 160కి కూడా చేరుతుంది.

రెండోది చెంచాతో నింపడం. ముందు డబ్బాలో పిండిని కలిపి వదులు చేసి, చెంచాతో కొద్దికొద్దిగా తీసి కప్పులో వదులుతారు. తట్టరు, ఊపరు, నొక్కరు. కుప్పగా నిండాక చదును చేస్తారు. ఇది 120, 125 దగ్గర ఉంటుంది. చదును చేసేటప్పుడు కత్తిని నిలువుగా పట్టి లాగితే సరి. పలకను అడ్డంగా ఆనించి అదిమారంటే మళ్ళీ అయిదో పదో గ్రాములు పెరుగుతాయి.

మూడోది కప్పు మీదే జల్లెడ పట్టడం. దీంతో బరువు 115 లోపుకు, ఒక్కోసారి 100 దాకా కూడా పడిపోతుంది.

వంటకాల్లో "జల్లించిన పిండి ఒక కప్పు" అని ఉంటే ముందు జల్లించి ఆ తర్వాత కొలవాలి. "ఒక కప్పు పిండి తీసుకుని జల్లించుకోవాలి" అని ఉంటే ముందు కొలిచి ఆ తర్వాత జల్లించాలి. జల్లెడ అదే, కప్పు అదే. పనుల వరస మారినందుకే పదిహేను, ఇరవై గ్రాములు మారిపోతాయి. తూకానికి వస్తే ఈ తికమక ఉండదు. 120 గ్రాముల పిండి జల్లించక ముందూ 120, జల్లించాకా 120. అప్పుడు జల్లెడ పని ఉండలు విడగొట్టడం, సోడా ఉప్పులాంటివి సమంగా కలపడం వరకే.

ద్రవాలు కొలిచే గాజు జగ్గుతో పిండి కొలవడం వీటన్నిటికంటే అధ్వానం. అంచు దాకా నిండదు గనక పైన చదును చేయడం కుదరదు. గీత దగ్గరకు సమంగా రావాలంటే జగ్గును ఊపాలి. ఊపితే దిగుతుంది, దిగితే ఇంకాస్త పోస్తారు.

ఇదేమీ కొత్తగా బయటపడ్డ సమస్య కాదు. బోస్టన్ వంట పాఠశాలను నడిపిన ఫానీ ఫార్మర్ 1896లో అచ్చువేసిన వంటల పుస్తకంతో చదును చేసిన కొలతలు అమెరికా వంటిళ్ళలో స్థిరపడ్డాయి. దానికి ముందు టీ కప్పులు, గుడ్డంత వెన్న, గుప్పెడు పిండి లాంటి లెక్కలే ఎక్కువ. కప్పు పైభాగాన్ని చదును చేయమని చెప్పి ఆమె ఊరుకోలేదు. పిండిని కొలిచే ముందే జల్లించమన్నారు, చెంచాలతో నింపమన్నారు, కప్పును కుదపవద్దన్నారు. ఈ షరతులన్నీ పాటిస్తే కప్పు కొలత చాలావరకు నిలకడగానే వస్తుంది. తర్వాతి కాలంలో షరతులు ఒక్కొక్కటే జారిపోయి "ఒక కప్పు" అనే మాట మాత్రం మిగిలింది. పాత అమెరికన్ వంటకాలను ఇప్పుడు చేసేవాళ్ళకు దీనివల్ల ఒక ఆధారం దొరుకుతుంది. అలాంటి వంటకంలో కప్పు పిండి అంటే జల్లించిన తేలిక కప్పు, అంటే 110, 115 గ్రాములు అయ్యే అవకాశమే ఎక్కువ. 142 పెట్టి లెక్క కడితే కేక్ ఎండిపోయి, పిడచ కట్టుకుని వస్తుంది.

కప్పులన్నీ ఒకటి కావు

అమెరికన్ కప్పు 236.6 మిల్లీలీటర్లు. అదే దేశంలో ఆహార పొట్లాల మీద ముద్రించే పోషక వివరాలకు మాత్రం 240గా లెక్కిస్తారు. ఆస్ట్రేలియాలో కప్పంటే 250. జపాన్‌లో 200. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే కప్పు 180. పాత బ్రిటిష్ లెక్కలో అర పింట్ కప్పు 284. టేబుల్ స్పూన్ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఎక్కువ చోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. చెంచాతో వదులుగా నింపిన మైదా అమెరికన్ కప్పులో 120 గ్రాములైతే 250 మిల్లీలీటర్ల కప్పులో 127, జపాన్ కప్పులో 101.

చేతిలో ఉన్న కప్పు ఏ జాతిదో తేల్చుకోవడం తేలిక. ఖాళీ కప్పును డిజిటల్ కాటా మీద పెట్టి, సున్నా చేసి, అంచు దాకా నీళ్ళు పోయాలి. వచ్చిన గ్రాములే దాదాపుగా మిల్లీలీటర్లు. చవక కప్పులు వాటి మీద ముద్రించిన సైజు కంటే కొన్ని మిల్లీలీటర్లు అటో ఇటో ఉండటం మామూలే. సెట్టులోని నాలుగు పావు కప్పులు పోస్తే ఒక కప్పు నిండాలని కూడా నమ్మకం లేదు.

ఔన్సుల గొడవ వేరు. ద్రవాల ఔన్సు ఘనపరిమాణం, తూకపు ఔన్సు బరువు. రెంటికీ పేరు మాత్రం ఒకటే. కప్పు మీద 8 ఔన్సులని చూసి, 28.35తో గుణించి, కప్పు పిండి 227 గ్రాములని రాసుకున్నవాళ్ళ వంట ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కప్పు మీది 8 ద్రవాల ఔన్సులు. నీళ్ళ విషయంలో రెండు లెక్కలూ దాదాపు కలిసిపోతాయి గనక ఈ పొరపాటు ఎప్పటికీ చావదు.

తేడా ముద్దలో ఎలా తేలుతుంది

ఒక సాదా రొట్టె వంటకం అనుకుందాం. మూడు కప్పుల పిండి, ఒక కప్పు నీళ్ళు, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, కొంచెం ఈస్ట్. బేకరీల్లో పిండిని నూరుగా పెట్టుకుని మిగతావన్నీ దానికి శాతాల్లో చెబుతారు. వంటకం రాసినవాళ్ళు చెంచాతో నింపేవాళ్ళయితే పిండి 360 గ్రాములు. నీళ్ళు 237 గ్రాములు, అంటే 66 శాతం. ముద్ద మెత్తగా, చేతికి కాస్త అంటుకుంటూ వస్తుంది. కాల్చాక లోపల గుల్లగా విచ్చుకుంటుంది. చదివి చేసేవాళ్ళు కప్పు ముంచే అలవాటున్నవాళ్ళయితే పిండి 435 గ్రాములవుతుంది. నీళ్ళు అవే, కానీ ఇప్పుడు 54 శాతం. ముద్ద గట్టిపడుతుంది, పిసకడానికి చేతులు నొప్పి పుడతాయి, పొంగడానికి ఎక్కువసేపు పడుతుంది, రొట్టె లోపల బిగుసుకుపోతుంది. ఉప్పు 9 గ్రాములనుకుంటే మొదటి ముద్దలో అది 2.5 శాతం, రెండో ముద్దలో 2.1 శాతం. కాబట్టి రుచి కూడా కాస్త చప్పబడుతుంది. ఇద్దరూ వంటకంలో ఉన్నది ఉన్నట్టే చేశారు.

రొట్టె ముద్ద కనీసం మాట్లాడుతుంది. గట్టిగా ఉంటే చేతికి తెలుస్తుంది, రెండు చెంచాల నీళ్ళు చిలకరిస్తే దారికి వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు తూకం లేకుండానే మంచి రొట్టె చేయగలగడానికి కారణం ఇదే. కేక్ మిశ్రమం అలా ముందుగా చెప్పదు. పిండి 20 శాతం ఎక్కువైన సంగతి ఓవెన్‌లోంచి తీసి కోసేదాకా బయటపడదు. బిస్కెట్లయితే పరుచుకోవలసినవి ఉండల్లాగే నిలబడిపోతాయి. అప్పుడు ఓవెన్‌ను తిడతారు, బేకింగ్ పౌడర్ పాతబడిందంటారు, వంటకమే మంచిది కాదంటారు. పిండి కప్పు మీదికి మాత్రం అనుమానం వెళ్ళదు.

దీన్ని ఇంకో కొస దాకా లాగి అన్నిటికీ కాటా కావాలనడం కూడా అతే. పులుసు చిక్కబడటానికి కలిపే రెండు చెంచాల పిండికీ, ఒత్తేటప్పుడు బల్లమీద చల్లే పిండికీ గ్రాములు లెక్కపెట్టడం చాదస్తం.

అడ్డదారి లెక్కలు

ప్రమాణాలు మార్చే యంత్ర లెక్కలు కొన్ని సరుకుతో సంబంధం లేకుండా మిల్లీలీటరును గ్రాముగా తిప్పేస్తాయి. అవి కప్పు మైదాను 237 గ్రాములంటాయి. అది నీటి బరువు. పిండి దాదాపు రెట్టింపు పడుతుంది. ఏదైనా వంటకంలో రెండు కప్పుల పిండి పక్కన 473 గ్రాములని కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, ఆ గ్రాములను ఎవరూ తూచి రాయలేదు. పంచదారకూ పిండికీ కప్పుకు ఒకే బరువు ఇచ్చినా అదే గుర్తు. "177.44 గ్రాములు" లాంటి దశాంశాలు కనిపించినా అనుమానించాల్సిందే. పిండి తూచేవాళ్ళెవరూ గ్రాములో వందో వంతు దాకా పోరు.

దీనికంటే కనిపెట్టడం కష్టమైన తప్పు మరొకటి ఉంది. మొదట గ్రాముల్లో పుట్టిన వంటకాన్ని ఎవరో కప్పుల్లోకి మారుస్తారు, దాన్ని మరెవరో తిరిగి గ్రాముల్లోకి మారుస్తారు. మూల వంటకంలో 250 గ్రాముల పిండి అనుకుందాం. మొదటి మనిషి కప్పుకు 120 చొప్పున లెక్కకట్టి "రెండు కప్పులు, ఒక టేబుల్ స్పూన్" అని రాశారు. అది చూసిన రెండో మనిషి కప్పుకు 142 చొప్పున వేసుకున్నారు. ఇప్పుడు పిండి 293 గ్రాములు. ఇద్దరి అంకెలూ పేరున్న పట్టికల్లోవే, ఇద్దరి గుణకారమూ సరైనదే. అయినా 17 శాతం పిండి ఎక్కువైంది. అందుకే గ్రాముల్లో పుట్టిన వంటకమని అనుమానం వస్తే, కప్పుల్ని మళ్ళీ మార్చుకునే బదులు మూలాన్నే వెతుక్కోవడం మేలు. మిగతా సరుకుల కొలతలు "ముప్పావు కప్పు, దాని మీద రెండు చెంచాలు" అన్న ధోరణిలో వంకరగా ఉంటే ఆ వంటకం గ్రాముల్లో పుట్టిందనే లెక్క.

ఏ అంకె వేసుకోవాలి

వంటకం రాసినవాళ్ళు కప్పును ఎలా నింపారో ఎక్కడైనా చెప్పారేమో ముందు చూడాలి. పుస్తకమైతే తొలి పేజీల్లో, కొలతల గురించి రాసిన చోట ఈ మాట దొరుకుతుంది. చాలామంది అది చదవకుండా నేరుగా వంటకానికి వెళతారు. అక్కడ దొరక్కపోతే అదే రచయిత మరో వంటకంలో కప్పులూ గ్రాములూ రెండూ ఇచ్చారేమో వెతకాలి. మూడు కప్పులకు 375 గ్రాములని ఉంటే కప్పుకు 125. ఆ అంకెనే ఆ రచయిత వంటకాలన్నిటికీ వాడుకోవచ్చు. వేరే రచయిత దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం దాన్ని వెంట తీసుకెళ్ళకూడదు.

ఏ ఆధారమూ లేనప్పుడు ఎక్కడి వంటకం, ఎప్పటిది అన్నది చూసుకోవాలి. అమెరికా పిండి పొట్లాల వెనక మామూలుగా పావు కప్పు 30 గ్రాములని ఉంటుంది. అంటే ఆ పిండి అమ్మేవాళ్ళు కప్పును 120గా చూస్తున్నారు. పొట్లం మీద ముద్రించిన వంటకానికి ఆ లెక్కే వాడటం న్యాయం. అదీ లేదంటే 125తో మొదలుపెట్టవచ్చు. 125 సత్యమని కాదు, 120 వాడినవాళ్ళకు 4 శాతం దూరంలోనూ, 142 వాడినవాళ్ళకు 12 శాతం దూరంలోనూ ఉంటుందని. తప్పితే తక్కువ వైపు తప్పడమే మంచిది. ముద్ద జారుగా ఉంటే పిండి చల్లవచ్చు. వేసిన పిండిని వెనక్కి తీయలేం.

సొంతంగా ఏళ్ళ తరబడి ఒకే కప్పుతో చేస్తున్న వంటకమైతే ఏ పట్టికనూ తెరవనక్కర్లేదు. ఆ కప్పును రోజూ నింపినట్టే ఓ నాలుగైదుసార్లు నింపి, ప్రతిసారీ తూచి, సగటు తీస్తే చాలు. ఎప్పటి అలవాటు ప్రకారమే నింపాలి. కాటా ముందు ఉంది కదా అని జాగ్రత్తగా నింపితే ఆ సగటుకు విలువ ఉండదు. తూకాల మధ్య పది గ్రాములకు మించి తేడా వస్తే, ఆ వంటకం ఒకసారి అద్భుతంగా, ఒకసారి మామూలుగా ఎందుకు వస్తోందో అక్కడే తెలిసిపోతుంది.

ఏ దారిన వచ్చిన అంకైనా మొదటిసారి అంచనాయే. వండి చూసి, ముద్ద తీరును బట్టి అయిదో పదో గ్రాములు సర్ది, సరిపడిన గ్రాములను వంటకం పక్కనే రాసుకుంటే ఇక ఆ కప్పును మళ్ళీ వెతుక్కునే పనే లేదు.

మైదా కాని పిండులు

మైదా అంకెను అన్ని పిండులకూ అంటగట్టడం కుదరదు. కింగ్ ఆర్థర్ పట్టిక ప్రకారమే ముడి గోధుమ పిండి కప్పు 113 గ్రాములు. అందులో తవుడు పొరలు అడ్డదిడ్డంగా నిలబడి ఖాళీలు పెంచుతాయి. అదే పట్టికలో బాదం పిండి 96, కార్న్‌ఫ్లోర్ 112, బియ్యప్పిండి 142. బియ్యప్పిండిని వ్యవసాయ శాఖ 158 అంటుంది, కార్న్‌ఫ్లోర్‌ను 128 అంటుంది. ఎంత సన్నగా ఆడారన్నదాన్ని బట్టి బియ్యప్పిండి బరువు బాగా మారిపోతుంది గనక దానికి ఏ పట్టికనూ గట్టిగా నమ్మలేం.

బాదం పిండి బదులు బియ్యప్పిండి కప్పుకు కప్పు వేస్తే బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పోనీ గ్రాముకు గ్రాము వేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. కొబ్బరి పిండి నీళ్ళను విపరీతంగా పీల్చుకుంటుంది. మైదా బరువుకు సమానంగా దాన్ని వేస్తే మిశ్రమం పొడిపొడిగా తేలిపోతుంది. బరువు ఎంత వేశామో చెబుతుంది. ఆ పిండి ఎలా ప్రవర్తిస్తుందో చెప్పదు. ఒక పిండి బదులు మరొకటి వాడటం మార్పిడి లెక్క కాదు, వేరే వంటకం కిందే లెక్క.

కాటా చెప్పనివి

తూకానికీ హద్దులున్నాయి. పిండి గాలిలోని తేమను పీలుస్తుంది, పొడి వాతావరణంలో వదులుతుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం గోధుమ పిండిలో 15.5 శాతం దాకా తేమను ఒప్పుకుంటుంది. తేమ 12 శాతమున్న 500 గ్రాముల పిండిలో 60 గ్రాముల నీరుంటే, 14 శాతమున్న పిండిలో 70 గ్రాములుంటుంది. తేడా 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్ల నీళ్ళు. వానాకాలం ముద్ద కాస్త జారుగా వచ్చిందనే ఫిర్యాదులో నిజముంది, కానీ ఎంత నిజమో కూడా ఈ అంకె చెబుతోంది. అదే 500 గ్రాముల పిండిని కప్పులతో కొలిస్తే చేతి అలవాటు వల్లే 100 గ్రాముల తేడా రావచ్చు. తేమను పట్టించుకోవలసింది కప్పును వదిలిపెట్టాకే.

వంటింటి డిజిటల్ కాటాలు మామూలుగా ఒక గ్రాము మెట్టుతో చూపిస్తాయి. 400 గ్రాముల పిండికి గ్రాము అటూ ఇటూ అయితే లెక్కలోకి రాదు. టీస్పూన్ బేకింగ్ పౌడర్ నాలుగైదు గ్రాములే తూగుతుంది. అక్కడ ఒక గ్రాము తప్పితే 20, 25 శాతం తప్పినట్టే. పైగా చాలా కాటాలకు సున్నా దగ్గర చిన్న మార్పులను తుడిచేసి మళ్ళీ సున్నా చూపించే ఏర్పాటు ఉంటుంది. గిన్నె పెట్టి సున్నా చేశాక చిటికెడు చిటికెడు చల్లితే ఆ కాస్త సరుకునూ అది లెక్కలోకే తీసుకోకపోవచ్చు. కాబట్టి పిండికి కాటా, బేకింగ్ పౌడర్‌కూ ఈస్ట్‌కూ చదును చేసిన టీస్పూన్. అన్నీ గ్రాముల్లోనే ఉండాలనే పట్టుదల ఉంటే గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా విడిగా కొనుక్కోవాలి.

ఉప్పు మాత్రం ఈ వాటాలో చిక్కు తెస్తుంది. సన్నటి టేబుల్ సాల్ట్ టీస్పూన్ 6 గ్రాములు తూగితే, అమెరికన్ వంటకాల్లో తరచు కనిపించే డైమండ్ క్రిస్టల్ బ్రాండు కోషర్ ఉప్పు (ముతక పలుకుల ఉప్పు) అందులో సగమే తూగుతుంది. దాని పలుకులు బోలుగా, పొరలుగా ఉండి మధ్యలో గాలి చేరుతుంది. ఆ కోషర్ ఉప్పు చెంచాల్లో రాసిన వంటకాన్ని సన్నటి ఉప్పుతో అన్నే చెంచాలు వేసి చేస్తే ఉప్పు రెట్టింపు పడుతుంది. పిండి దగ్గర 18 శాతమే అయిన తేడా ఇక్కడ ఏకంగా నూటికి నూరు. రొట్టె ముద్దకు వేసే ఉప్పు పది గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది గనక, గ్రాము మెట్టు కాటాతో తూచినా చెంచా కంటే అదే నయం.